రూత్ బ్రౌన్: పాట, రాయల్టీ లెక్క, మిగిలిన ప్రభావం – తరచుగా అడిగే ప్రశ్నలు

రూత్ బ్రౌన్ ఎవరు?

అమెరికన్ రిథమ్ అండ్ బ్లూస్ (ఆర్ అండ్ బీ) గాయని. 1928 జనవరి 12న వర్జీనియా రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్ రేవు పట్టణంలో పుట్టారు. పుట్టినప్పటి పేరు రూత్ ఆల్‌స్టన్ వెస్టన్. ఏడుగురు పిల్లల్లో పెద్దది. 1949 నుంచి 1955 దాకా ఆమె రికార్డులు ఆర్ అండ్ బీ చార్టులో మొత్తం 149 వారాలు ఉన్నాయి. పదహారు పాటలు మొదటి పదిలోకి వచ్చాయి, ఐదు మొదటి స్థానంలో నిలిచాయి. 2006 నవంబర్ 17న లాస్ వేగాస్ ప్రాంతంలో కన్నుమూశారు.

పాటలు ఒక ఎత్తు. పాత తరం గాయకులకు రావలసిన రాయల్టీ, అంటే అమ్మిన ప్రతి రికార్డు మీద రావలసిన వాటా డబ్బు కోసం 1980లలో ఆమె చేసిన పోరాటం ఇంకో ఎత్తు. ఈ పేజీలో రెండోదానికే ఎక్కువ చోటిచ్చాం. పాట వింటే అర్థమవుతుంది, ఖాతా పుస్తకం మాత్రం ఎవరైనా విప్పి చెప్పాలి.

"రిథమ్ అండ్ బ్లూస్" అనే పేరు ఎక్కడిది?

బిల్‌బోర్డ్ పత్రిక నల్లజాతి శ్రోతలు కొనే రికార్డుల చార్టును "రేస్ రికార్డ్స్" అని పిలిచేది. 1949 జూన్‌లో దాన్ని "రిథమ్ అండ్ బ్లూస్"గా మార్చారు. ఈ పేరు సూచించినది అప్పట్లో ఆ పత్రికలో పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్. 1953లో ఆయనే రికార్డు కంపెనీ అట్లాంటిక్ రికార్డ్స్‌లో చేరి రూత్ బ్రౌన్ పాటలకు నిర్మాత అయ్యారు.

సంగీతపరంగా చూస్తే, ఆనాటి ఆర్ అండ్ బీకి వెన్నెముక షఫుల్ నడక. మన లెక్కలో తిశ్ర గతి అనుకోండి. ప్రతి దెబ్బనూ మూడు ముక్కలు చేసి మొదటి రెండూ కలిపి సాగదీసి, మూడోదాన్ని పొట్టిగా విదిలిస్తారు. నాలుగు దెబ్బల ఆవర్తంలో బరువు ఒకటి, మూడు మీద కాకుండా రెండు, నాలుగు మీద పడుతుంది. చప్పట్లు ఒకటో దెబ్బ మీద కొట్టే అలవాటున్న మన చెవికి మొదట్లో తాళం తప్పినట్టు అనిపిస్తుంది. రెండు, నాలుగు మీద కొట్టి చూడండి, పాట వెంటనే దారిలో పడుతుంది.

ఆమె పాడటం ఎక్కడ నేర్చుకున్నారు?

గుడిలో. తండ్రి రేవులో కూలి పని చేస్తూనే ఇమాన్యుయెల్ ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చిలో బృందగానం నడిపేవారు. ఆమెకు స్వరలిపి చదవడం రాదు. బిల్లీ హాలిడే, సారా వాన్, డైనా వాషింగ్టన్ పాటలంటే ఇష్టం. అంటే మనసు మెల్లని జాజ్ పాటల మీద ఉండేది, గెంతించే పాటల మీద కాదు. ఇది గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది. 1945లో, పదిహేడేళ్ల వయసులో, జిమ్మీ బ్రౌన్ అనే ట్రంపెట్ వాద్యకారుడితో ఇల్లు వదిలారు. బ్రౌన్ అనే ఇంటిపేరు అలా వచ్చింది.

అట్లాంటిక్ రికార్డ్స్‌లోకి ఎలా వచ్చారు?

లక్కీ మిలిండర్ బృందంలో సుమారు నెల రోజులు పాడాక వాషింగ్టన్‌లో ఉద్యోగం పోయింది. బృందంలో వాళ్లకు తాగడానికి పానీయాలు తెచ్చి ఇచ్చినందుకని చెబుతారు. చేతిలో ఊరికి తిరుగు ఛార్జీలు కూడా లేని ఆ అమ్మాయికి క్రిస్టల్ కావర్న్స్ అనే క్లబ్బులో పాడే అవకాశం ఇచ్చినది బ్లాంచ్ క్యాలొవే. ఈమె ప్రసిద్ధ గాయకుడు క్యాబ్ క్యాలొవేకు అక్క, స్వయంగా బృందం నడిపిన మనిషి. అక్కడ పాట విన్న రేడియో ప్రసారకుడు, తర్వాత వాయిస్ ఆఫ్ అమెరికాలో పేరు తెచ్చుకున్న విల్లిస్ కొనొవర్ ఈ సంగతి అట్లాంటిక్ యజమానులు అహ్మత్ ఎర్తెగున్, హెర్బ్ అబ్రామ్సన్‌ల చెవిన వేశారు.

ఒప్పందం కోసం న్యూయార్క్ వెళుతుంటే 1948లో పెన్సిల్వేనియాలోని చెస్టర్ దగ్గర కారు ప్రమాదం జరిగింది. రెండు కాళ్లూ నుజ్జయ్యాయి. నెలల తరబడి ఆస్పత్రి. ఆ మంచం మీదే అట్లాంటిక్ ఒప్పందం మీద సంతకం చేశారు. 1949లో మొదటి పాట "సో లాంగ్" రికార్డు చేసేటప్పటికి ఊతకర్రలు ఇంకా చంకలోనే ఉన్నాయి. కాళ్ల నొప్పి జీవితాంతం వదలలేదు.

"రూత్ కట్టిన ఇల్లు" అంటే ఏమిటి?

న్యూయార్క్ పాత యాంకీ స్టేడియాన్ని బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్ పేరుమీద "రూత్ కట్టిన ఇల్లు" అంటారు. 1947లో మొదలైన చిన్న కంపెనీ అట్లాంటిక్ నిలదొక్కుకున్నది రూత్ బ్రౌన్ అమ్మకాల మీదే కాబట్టి అదే మాటను అట్లాంటిక్‌కు అంటగట్టారు. పొగడ్తగా మొదలైన మాటే తర్వాత ఎత్తిపొడుపు అయింది. ఇల్లు కట్టినామెకు ఆ ఇంట్లో వాటా ఎంత?

ఐదు మొదటి స్థానం పాటలు ఏవి?

"టియర్‌డ్రాప్స్ ఫ్రమ్ మై ఐస్" (1950), "ఫైవ్ టెన్ ఫిఫ్టీన్ అవర్స్" (1952), "మామా, హీ ట్రీట్స్ యువర్ డాటర్ మీన్" (1953), "ఓ వాట్ ఎ డ్రీమ్", "మాంబో బేబీ" (రెండూ 1954).

మొదటిది రూడీ టూంబ్స్ రాసినది, పదకొండు వారాలు పీఠం దిగలేదు. అట్లాంటిక్ నిమిషానికి 45 చుట్లు తిరిగే రికార్డుల్లోకి అడుగుపెట్టింది కూడా దీనితోనే. మెల్లని విరహగీతాలు పాడాలనుకున్న గాయనిని ఉరుకు పాటల వైపు మళ్లించింది కంపెనీయే, ఆ లెక్క సరిపోయింది. రెండోది కూడా టూంబ్స్‌దే. మొదట "నిమిషాలు" అని రాశారు. అంతకు ముందే "అరవై నిమిషాల" పాట ఒకటి ఊపేసి ఉండటంతో అబ్రామ్సన్ "నిమిషాలు" తీసేసి "గంటలు" చేయించారు. మూడోది ఆమెకు మొదట్లో బొత్తిగా నచ్చలేదు, పిల్లకాయల పాటలా అనిపించిందట. చివరికి జీవితాంతం జనం అడిగి పాడించుకున్నది అదే.

ఆ గొంతులో ప్రత్యేకత ఏమిటి? ఏమి వినాలి?

వాక్యం చివర గొంతు ఉన్నట్టుండి పైస్థాయికి చిట్లి, కీచుమని తెగుతుంది. ఏడుపుకీ గారానికీ మధ్య ఉండే ధ్వని అది. గమకంలా స్వరం నుంచి స్వరానికి ఊగడం కాదు, పట్టుకున్న స్వరాన్ని అర క్షణంలో పైకి విరిచి వదిలేయడం. "మామా" అనే మాట చివరి అచ్చు దగ్గర దీన్ని స్పష్టంగా పట్టుకోవచ్చు. ఈ విరుపు ఎప్పుడూ దెబ్బ మీదే పడుతుంది, సాగదీసి ఆలస్యం చేయదు. గాయకుడు ఫ్రాంకీ లేన్ ఆమెకు "మిస్ రిథమ్" అని పేరు పెట్టాడు.

లిటిల్ రిచర్డ్ మాటల చివర తగిలించే "అహ్" విరుపు రూత్ బ్రౌన్ "మామా" నుంచే తెచ్చుకున్నానని బాహాటంగా చెప్పుకున్నాడు. రిచర్డ్ నుంచి అది ఎంతమంది రాకెన్‌రోల్ గాయకుల గొంతుల్లోకి పాకిందో లెక్కపెట్టడం కష్టం. ప్రభావం అంటే ముందుగా ఇది చెప్పాలి. ఒక్క అచ్చు, దాని చివర ఒక్క విరుపు.

ఇంత పెద్ద గాయని పేరు బయట ఎందుకు తక్కువ వినిపించింది?

చార్టులే వేరు కాబట్టి. ఆర్ అండ్ బీలో మొదటి స్థానంలో ఉన్న "మామా" ప్రధానంగా తెల్లజాతి శ్రోతలదైన పాప్ చార్టులో 23 దగ్గర ఆగింది. తెల్లజాతివారి రేడియో స్టేషన్లు నల్లజాతి గాయని పాడిన మొదటి రికార్డును వేసేవి కావు. అదే పాటను తెల్లజాతి గాయనితో పాడించి పెద్ద కంపెనీ విడుదల చేస్తే దాన్ని వేసేవి. "ఓ వాట్ ఎ డ్రీమ్"ను ప్యాటీ పేజ్, "మాంబో బేబీ"ని జార్జియా గిబ్స్ అలా పాడారు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఇంకొకరు పాడితే మొదటి గాయనికి డబ్బు వస్తుందనుకుంటారు. రాదు. పాట రాసినవారికి, ప్రచురణ హక్కుదారుకు వస్తుంది. బాణీ తీర్చిన తీరు, విరుపులు, ఎత్తుగడ ఉన్నదున్నట్టు దించుకున్నా, రాతలో పేరు లేని గాయనికి చిల్లిగవ్వ కూడా రాదు.

1957లో "లక్కీ లిప్స్" పాప్ చార్టులో 25వ స్థానానికి, 1958లో "దిస్ లిటిల్ గర్ల్స్ గాన్ రాకిన్" 24వ స్థానానికి వెళ్లాయి. అంతకు మించి అటువైపు తలుపు తెరుచుకోలేదు.

కచేరీ యాత్రలు ఎలా ఉండేవి?

దక్షిణాదిలో పొగాకు గోదాముల్లో కూడా కచేరీలు జరిగేవి. నేల మధ్యన తాడు కట్టి నల్లవాళ్లను ఒకవైపు, తెల్లవాళ్లను ఒకవైపు నిలబెట్టేవారు. హోటళ్లు, భోజనశాలలు చాలాచోట్ల నల్లజాతివారిని రానిచ్చేవి కావు. అయినా ఆమె చేతికి వచ్చిన డబ్బు వచ్చింది ఈ రోడ్డు మీదే. రికార్డు అనేది కచేరీకి కరపత్రం లాంటిది. రోడ్డు ఆగిన రోజున ఆదాయం ఆగిపోవడానికి కారణం ఇదే.

1960లలో ఏమైంది?

అట్లాంటిక్ వదిలి ఫిలిప్స్ రికార్డు కంపెనీకి వెళ్లారు. 1968లో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ బిగ్ బ్యాండ్‌తో చక్కని జాజ్ ఆల్బమ్ చేశారు. కానీ కాలం సోల్ సంగీతం వైపు తిరిగింది. లాంగ్ ఐలాండ్‌లో పిల్లల్ని పెంచుతూ స్కూల్ బస్సు నడిపారు, బడిలో టీచర్లకు సహాయకురాలిగా చేశారు, ఇళ్లలో పాచిపని చేశారు. అదే సమయంలో ఆమె పాత పాటలు ఎల్‌పీల (ఎక్కువ పాటలు పట్టే పెద్ద రికార్డుల) మీద, విదేశీ సంకలనాల మీద అమ్ముడవుతూనే ఉన్నాయి.

పాటలు అమ్ముడవుతుంటే రాయల్టీ ఎందుకు రాలేదు? లెక్క ఎక్కడ తిరగబడింది?

ఆ కాలపు ఒప్పందాల తీరు ఇది. గాయకులకు 5 శాతం లేదా అంతకంటే తక్కువ రాయల్టీ. పాటకు కొంత అడ్వాన్సు. అయితే స్టూడియో అద్దె, వాద్యకారుల కూలి, వాద్యాల అమరిక కూర్చినవారి ఫీజు, అన్నీ గాయకుల ఖాతాలో ఖర్చుగా రాస్తారు. ఆ బాకీ తీరేదాకా రాయల్టీ చేతికి రాదు, ఖాతాలోనే జమ అవుతుంది. లక్కతో చేసిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే "78" రికార్డులు రవాణాలో పగులుతాయి కాబట్టి అమ్మకాల్లో 90 శాతానికే లెక్క కట్టే పద్ధతి ఉండేది. పగలని వినైల్ వచ్చాక కూడా ఆ పది శాతం కోత చాలా ఒప్పందాల్లో అలాగే ఉండిపోయింది.

అంకెలు వేసి చూద్దాం. ఇవి అర్థం కావడానికి మేం వేసుకున్న అంకెలు, ఆమె ఒప్పందంలోవి కావు.

రికార్డు ధర 80 సెంట్లు, రాయల్టీ 5 శాతం. అంటే కాపీకి 4 సెంట్లు. లక్ష కాపీలు అమ్మితే లెక్కకు వచ్చేవి 90,000. జమ 3,600 డాలర్లు. ఏడాదిలో మూడు రికార్డింగ్ సెషన్లు, ఒక్కోదానికి 1,200 డాలర్లు, ఖర్చు 3,600. అడ్వాన్సు 500. లక్ష కాపీలు అమ్మిన గాయని ఏడాది చివర కంపెనీకి 500 డాలర్లు బాకీ! ఆడని పాటల ఖర్చు, అసలు విడుదలే చేయని పాటల ఖర్చు కూడా ఆడిన పాట జమలోంచే పోతుంది. కంపెనీ మాత్రం మొదటి కాపీ నుంచే తన లాభం తాను తీసుకుంటుంది.

అట్లాంటిక్ వదిలాక అసలు తప్పు మొదలైంది. కొత్త సెషన్లు లేవు, కాబట్టి కొత్త ఖర్చు లేదు. పాత పాటల పునర్విడుదలలు, విదేశీ లైసెన్సులు వరసగా జమ అవుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు బాకీ తీరాలి. లెక్కల పత్రాలే పంపకపోతే తీరిందో లేదో గాయనికి తెలియదు. అడిగితే "మీరే మాకు బాకీ" అనే జవాబు. ఆ కాకిలెక్కను ప్రశ్నించాలంటే ఆడిటర్ కావాలి, ఆడిటర్‌కు డబ్బు కావాలి. ఇళ్లలో పనిచేసుకునే మనిషి దగ్గర అది ఎక్కడిది?

ఇది ఒక్క కంపెనీ దుర్మార్గం అనుకుంటే విషయం సగమే పట్టుకున్నట్టు. ఆ రోజుల్లో చాలా కంపెనీల ఒప్పందాలు ఇలాగే ఉండేవి, కొన్ని రాయల్టీ మాటే ఎత్తేవి కావు.

ఆమె ఎలా గెలిచారు?

1980లలో హొవెల్ బెగల్ అనే వాషింగ్టన్ లాయరు, స్వయంగా అభిమాని, పాత ఆల్బమ్‌ల మీద సంతకం కోసం వచ్చారు. వాటిని ఎక్కువ ధర పెట్టి కొన్నానని చెబితే, వాటిమీద తనకేమీ రావడం లేదని ఆమె చెప్పారు. బెగల్ ఫీజు తీసుకోకుండా కేసు చేపట్టారు.

ఆయన చేసిన తెలివైన పని ఆమె ఒక్కరి లెక్కతో ఆగకపోవడం. ఒక గాయని బాకీ అడిగితే అది చిల్లర తగాదా. అదే ఖాతా పద్ధతి ఒక తరం గాయకులందరి మీదా నడిచిందని చూపిస్తే అది వ్యవస్థ ప్రశ్న. బిగ్ జో టర్నర్ వంటి మిగతా పాత కళాకారుల లెక్కలూ బయటికి తీశారు. పత్రికలకు ఎక్కించారు. విషయం అమెరికన్ కాంగ్రెస్ దాకా వెళ్లింది.

1988 మే నెలలో అట్లాంటిక్ నలభయ్యేళ్ల పండుగ. దానికి కొంచెం ముందు కంపెనీ దిగి వచ్చింది. రూత్ బ్రౌన్‌తో పాటు మరో 35 మంది పాత కళాకారుల బాకీలు రద్దు చేయడానికి, ఇరవై ఏళ్ల వెనకటి రాయల్టీ చెల్లించడానికి ఒప్పుకుంది. ఆమెకు వచ్చిన మొదటి చెక్కు సుమారు 20 వేల డాలర్లు. ఆ సొమ్ము కంటే బాకీ రద్దే పెద్ద గెలుపని మా అభిప్రాయం. ఖాతా సున్నా అయితేనే రేపటి అమ్మకం మీద రాయల్టీ చేతికి వస్తుంది.

రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ అదేనా?

అవును. ఆ ఒప్పందంలో భాగంగా దాదాపు 20 లక్షల డాలర్ల నిధితో 1988లో ఏర్పడింది. పాత తరం కళాకారులకు వైద్యం, అత్యవసర ఖర్చులకు సాయం, పయనీర్ అవార్డులతో గౌరవం దీని పనులు. తొలి ఏడాది, 1989లో, ఆ అవార్డు పొందినవారిలో రూత్ బ్రౌన్ ఒకరు. గాయని బానీ రైట్ దీనికి గట్టిగా నిలబడ్డారు.

మళ్లీ వేదిక మీదికి ఎప్పుడు వచ్చారు?

1970ల మధ్యలో హాస్యనటుడు రెడ్ ఫాక్స్ లాస్ ఏంజెలెస్‌కు రప్పించి అవకాశాలిచ్చారు. టీవీ, నాటకాలు, 1988లో "హెయిర్‌స్ప్రే" సినిమా, 1989లో బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకరంగం) ప్రదర్శన "బ్లాక్ అండ్ బ్లూ"కు టోనీ అవార్డు, ఆ వెంటనే "బ్లూస్ ఆన్ బ్రాడ్‌వే" ఆల్బమ్‌కు గ్రామీ. 1993లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్. పబ్లిక్ రేడియోలో బ్లూస్ కార్యక్రమాలు నడిపారు. 1996లో ఆత్మకథ "మిస్ రిథమ్" వచ్చింది. మరణానంతరం 2016లో గ్రామీ జీవన సాఫల్య పురస్కారం. ర్యాప్ కళాకారుడు రకీమ్ ఆమెకు బంధువు.

ఇప్పుడు ఆమె పాట వింటే డబ్బు ఎవరికి వెళుతుంది?

వినే దారిని బట్టి.

మామూలు ఎఫ్‌ఎం రేడియో అమెరికాలో గాయకులకు ఏమీ ఇవ్వదు, పాట రాసినవారికే ఇస్తుంది. ఇంటర్నెట్ రేడియో, సాటిలైట్ రేడియో చెల్లించే డబ్బు సౌండ్ ఎక్స్చేంజ్ అనే సంస్థ ద్వారా పంచుతారు: 50 శాతం రికార్డింగ్ యజమానికి, 45 శాతం ముఖ్య కళాకారులకు, 5 శాతం మిగతా వాద్యకారులకు. ఆ 45 శాతం కంపెనీ ఖాతాలోకి వెళ్లకుండా నేరుగా కళాకారులకు లేదా వారసులకు చేరుతుంది, పాత బాకీకి కోత పడదు. 1972కు ముందు రికార్డింగులకు ఈ హక్కు ఫెడరల్ చట్టంలో దక్కింది 2018లో, మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టంతో. అమెరికాలో కారులో సాటిలైట్ రేడియో పెట్టుకునే మనవాళ్లకు ఇది తెలిస్తే మంచిది. పాట ఎంచుకుని వినే స్ట్రీమింగ్‌లో మాత్రం డబ్బు మళ్లీ కంపెనీ ఖాతా మీదుగానే వస్తుంది.

ఇంకో చిక్కు. ఐరోపాలో 1963కు ముందు రికార్డింగుల హక్కు గడువు తీరిపోయింది. అందుకే చవక సంకలనాలు కుప్పలుగా ఉంటాయి. వాటిమీద గాయని వారసులకు ఏమీ ముట్టదు.

కొత్తగా వినేవాళ్లు ఏ వరసలో వినాలి?

"టియర్‌డ్రాప్స్"తో మొదలుపెట్టి "మామా" వినండి. వెంటనే "సో లాంగ్"కు వెనక్కి వెళ్లండి. ఆమె పాడాలనుకున్నదీ, కంపెనీ పాడించినదీ పక్కపక్కనే తెలుస్తాయి. తర్వాత 1959 నాటి "లేట్ డేట్ విత్ రూత్ బ్రౌన్", చివరగా "బ్లూస్ ఆన్ బ్రాడ్‌వే". ఒక్కచోట కావాలంటే అట్లాంటిక్ 1989లో వేసిన రెండు సీడీల "మిస్ రిథమ్" సంకలనం చాలు. ఇదే పేరుతో 1959 ఎల్‌పీ ఒకటుంది, ఆత్మకథా ఉంది. కొనేటప్పుడు చూసుకోండి.

నేను విన్నది అసలు రికార్డింగా, మళ్లీ పాడినదా?

"మామా"ను 1962లో ఫిలిప్స్ కోసం మళ్లీ పాడారు. తర్వాత ప్రత్యక్ష ప్రదర్శనల రికార్డింగులూ ఉన్నాయి. స్ట్రీమింగ్‌లో చూపించే సంవత్సరాన్ని నమ్మకండి, అది తరచు సంకలనం వేసిన ఏడాది. కింద హక్కుదారు పేరు చూడండి. అట్లాంటిక్ అని ఉంటే అసలుది కావడానికే అవకాశం ఎక్కువ. చెవితో పోల్చాలంటే, 1953 రికార్డులో గొంతు సన్నగా, పదునుగా ఉంటుంది. 1980ల తర్వాతి గొంతు బొంగురుగా, దిగువ స్థాయిలో బరువుగా ఉంటుంది. విరుపు మాత్రం అదే.

అసలు 78 రికార్డు కొంటే ఏం జాగ్రత్తలు?

అట్లాంటిక్ నంబర్లు సరిచూసుకోండి: "సో లాంగ్" 879, "టియర్‌డ్రాప్స్" 919, "ఫైవ్ టెన్ ఫిఫ్టీన్" 962, "మామా" 986.

మామూలు ఎల్‌పీ ముల్లుతో వేయకండి. ఎల్‌పీ ముల్లు మొన సుమారు 0.7 నుంచి 1 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు), 78 గాడి వెడల్పుకు సుమారు 3 మిల్ కావాలి. సన్న ముల్లు గాడి అడుగున దుమ్ములో దొర్లి చరచరమంటుంది. రికార్డు అరిగిపోయిందనుకుని చాలామంది పక్కన పడేస్తారు, తప్పు ముల్లుది.

స్పిరిట్, ఆల్కహాల్ కలిసిన ద్రవాలతో తుడవకండి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, ఒక్క తుడుపుతో గాళ్లు పోతాయి. గోరువెచ్చని శుభ్రమైన నీళ్లలో ఒకటి రెండు చుక్కలు పాత్రలు తోమే సబ్బు ద్రవం వేసి, మెత్తని బ్రష్‌తో గాడి వెంబడి గుండ్రంగా తుడిచి, లేబుల్ తడవకుండా కడిగి, వెంటనే గుడ్డతో అద్దండి. ఎండలో పెట్టకండి. అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చుకునేటట్టయితే రెండువైపులా రికార్డు కంటే పెద్దవైన గట్టి అట్టలు పెట్టి టేపు వేయండి. ఒంటరిగా వదులుగా పెట్టిన 78 మొదటి కుదుపుకే అంచు పగులుతుంది.